పళ్లచక్రం

నా దగ్గరికి మనుషులు రారు, దవడలు వస్తాయి.
పైదీ కిందిదీ, ప్లాస్టర్‌తో పోతపోసినవి,
పాత పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి
డాక్టర్ మిరేయా పంపుతుంది.
వాల్పరాయిసోలో, చేపల బజారు వెనక వీధిలో,
కిటికీ సగమే తెరుచుకునే గదిలో
ముప్పై ఒక్క ఏళ్లుగా
నిద్రలో పళ్లు నూరేవాళ్లకు తొడుగులు చేస్తున్నాను.

నోరు మెదపని దవడలు చాలానే చెబుతాయి.
కోరపన్ను మొన అరిగిందా,
పగలంతా నవ్వుతూ సర్దుకుపోయే మనిషి.
కారాలూ మిరియాలూ నూరాల్సిన చోట నూరకుండా
ఇంటికి మోసుకొచ్చి, దీపం ఆర్పాక
రోలూ రోకలీ తామే అయిపోయినవాళ్లు.
ఇవన్నీ నా ఊహలే. డాక్టర్ ఒప్పుకోదు.
"కారణాలు వంద, ఎర్సీలియా. నువ్వు మందం చూసుకో."

ఒక ఫిబ్రవరిలో వచ్చిందా జత.
చీటీ మీద: బౌదీలియో ఒయార్సున్, అరవై మూడు.
పళ్లు బల్లపరుపుగా ఉన్నాయి,
కొండ మీది ఇళ్లన్నిటినీ ఎవరో అరచేత్తో చదును చేసినట్టు.
మూడు మిల్లీమీటర్ల తొడుగు చేసి పంపాను.
ఏడు నెలలకు తిరిగొచ్చింది, చిల్లుపడి.
ఇంకోటి. అదీ అంతే.

మూడోసారి మనిషే వచ్చాడు.
టోపీ చేతిలో, గోళ్ల కింద గ్రీజు.
బల్ల మీది వరసలో తన దవడని చటుక్కున పోల్చుకున్నాడు.
"అదిగో, నాదే" అన్నాడు,
బడి గేటు దగ్గర పిల్లాణ్ణి చూపించినట్టు.

చెప్పినవన్నీ చేస్తున్నాడట.
సాయంత్రం ఆరు దాటితే కాఫీ లేదు, వైన్ లేదు.
చెవి కింద పది నిమిషాలు వేడిగుడ్డ.
పెదవులు కలిపి, పళ్లు కలపకుండా,
నాలుక కొస అంగిట్లో ఆనించి
"నో" అనబోయి మానుకున్నట్టు ఉండడం.
"పొద్దంతా ఆ నో దగ్గరే కాచుకుని ఉంటా.
కన్ను మూతపడ్డాక ఎక్కడికి పోతుందో!"

భార్య ఒతీలియా పక్క గదికి మారిందట.
మొదట్లో చెంప మీద చెయ్యి వేస్తే చాలు, ఆగేవాడు.
ఆ చేతికి మాత్రం నిద్ర అక్కర్లేదా?

ఏం పని చేసేవారన్నాను.
లిఫ్టు అన్నాడు.
పట్టాల మీద కొండెక్కే చెక్క పెట్టె,
పైన యంత్రం గదిలో ఇతను, ఇరవై ఆరేళ్లు.
పెద్ద పళ్లచక్రం, చిన్న పళ్లచక్రం,
పన్నూ పన్నూ కలిసేచోట గ్రీజు రాసి
చెవితో కాపాడుకున్నాడు.
ఒక్క పన్ను తేడాగా పడితే
భోజనం మధ్యలో లేచి పరిగెత్తేవాడు.
మరమ్మతుకని తాళం వేశారు.
మూడు వారాలన్నారు. తొమ్మిదేళ్లయింది.
వారానికోసారి వెళ్లి అద్దం సందులోంచి చూసొస్తాడు.

నేనేమీ అనలేదు.
ఆ పోలిక చిన్నపిల్లలైనా చెప్పగలరు,
అందుకే నోట్లోనే ఉంచుకున్నాను.
నాలుగు మిల్లీమీటర్లు చేద్దామా అన్నాను.
నోరు మూతపడదేమో అన్నాడు.
మూడున్నరకి బేరం కుదిరింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
తొడుగులు నునుపు చేసే నా చిన్న మోటారు తిరుగుతోంది.
"ఎడమ బేరింగు పోతోంది. విను."
పద్దెనిమిదేళ్లుగా నా చెవికి ఎక్కని చప్పుడు.
జేబులోంచి డబ్బా తీసి
వేలికొసతో బొట్టంత రాశాడు.
డబ్బులిస్తే తీసుకోలేదు.

మొన్న డిసెంబరులో తొడుగు పరీక్షకు వచ్చింది.
చిల్లు లేదు.
కుడివైపు అర మిల్లీమీటరు తరుగు, ఎడమన ఇంకాస్త.
ఈ ఏడు అతను కొండెక్కించింది అంత.
ఒతీలియా గది మారిందో లేదో
చీటీలో రాయరు.

రాత్రి దీపం ఆర్పి
పెదవులు కలిపి, పళ్లు విడదీసి,
నో అనబోయి మానుకున్నట్టు
నాలుకని అంగిట్లో ఆనిస్తాను.
ఆ తర్వాతి సంగతి నాకు తెలీదు.
నా దవడకి పోత పోసినవాళ్లు లేరు.